కొండ మీద కాన్పు: ఆదివాసీ తల్లుల ఆచారాలు, హక్కులు, దూరాలు

వానాకాలం వచ్చిందంటే చాలు, పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. పొడవాటి కర్రకు కట్టిన దుప్పటి, అందులో నొప్పులు పడుతున్న గర్భిణి, మోకాలి లోతు వాగు దాటుతున్న ఇద్దరు మనుషులు. కింద వార్తలో అధికారుల వివరణ కూడా దాదాపు ఒకటే. గిరిజనుల్లో అవగాహన లేదు, ఆసుపత్రికి రమ్మంటే రారు, ఇంటి కాన్పుల అలవాటు మానరు. అంటే తల్లి చనిపోతే ఆమె ఆచారమే దోషి.

ఈ వాదన ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ముందు ఆ ఆచారాలేమిటో తెలియాలి. ఆదివాసీ సమాజాల్లో కాన్పు, పురుడు, బిడ్డ పెంపకం చుట్టూ ఉన్న పద్ధతుల్లో మేలు చేసేవేవి, కీడు చేసేవేవి? తల్లుల ప్రాణాలు నిజంగా ఎక్కడ పోతున్నాయి? చట్టం వాళ్లకు ఏం హామీ ఇచ్చింది, అది మధ్యలో ఎక్కడ ఆగిపోతోంది? ఉద్యమ కార్యకర్తలకూ విద్యార్థులకూ పనికొచ్చేలా వీటిని ఒకచోట చేర్చే ప్రయత్నమిది.

ఎవరి గురించి

2011 జనాభా లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో సుమారు 27 లక్షల మంది, తెలంగాణలో సుమారు 32 లక్షల మంది షెడ్యూల్డ్ తెగల వాళ్లున్నారు. అందరి బతుకూ ఒకటి కాదు. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లో కొండదొరలు, కోందులు, సవరలు, గదబలు, పోర్జలు ఉన్నారు. గోదావరి ఒడ్డున కోయలు, కొండరెడ్లు. నల్లమలలో చెంచులు. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాంలు, తోటి తెగవాళ్లు. మైదానాల్లో యానాదులు, ఎరుకలవాళ్లు, లంబాడాలు. వీరిలో చెంచు, కోలాం, కొండరెడ్డి, కొండ సవర, తోటి వంటి కొన్ని తెగలను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన ఆదిమ తెగలుగా గుర్తించింది.

ఈ జాబితాలో లేనివాళ్లు కూడా ఉన్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు దక్కించుకోవడానికి గోదావరి దాటి వచ్చిన గొత్తికోయలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి జిల్లాల అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. పారిపోయి వచ్చిన కుటుంబాలకు మాత్రం ఇక్కడ ఎస్టీ హోదా దక్కలేదు. కాగితాలు లేని గూడెంలో కాన్పు ఎంత కష్టమో కింద చూద్దాం.

మంత్రసాని, మైల, కులం

మైదాన గ్రామాల్లో కాన్పు నెత్తురు మైల. ఆ మైలను ముట్టుకునే పని కులవ్యవస్థ చాలాచోట్ల దళిత స్త్రీలకో, మంగలి, చాకలి స్త్రీలకో అప్పగించింది. బిడ్డను బయటికి తీసిన చేతులే మర్నాటి నుంచి ఆ ఇంట్లో అంటరానివవుతాయి. మంత్రసాని నేర్పును సమాజం వాడుకుంది గానీ ఆమెను మనిషిగా చూడలేదు.

ఆదివాసీ గూడెంలో పరిస్థితి వేరు. అక్కడ కాన్పు చేసేది సాధారణంగా ఆ గూడెంలోని పెద్దామె, గర్భిణికి చుట్టమో ఇరుగుపొరుగో. ఆమె కులంవల్ల ఆ పనికి రాలేదు, తన తల్లి దగ్గరో అత్త దగ్గరో చూసి నేర్చుకుంది. పురుడు, మైల అనే భావన ఇక్కడా ఉంది. తల్లి కొన్నాళ్లపాటు విడిగా ఉంటుంది, బొడ్డు రాలాకనో నిర్ణీత రోజులు గడిచాకనో స్నానం చేసి ఇంట్లో కలుస్తుంది. కానీ ఆ మైల ఒక కులం నుదుటిన శాశ్వతంగా రాసి ఉండదు. దళిత స్త్రీవాద చర్చల్లో ఈ తేడా తరచు జారిపోతుంటుంది. ‘సంప్రదాయ మంత్రసాని’ అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు చరిత్రలున్నాయి.

కాన్పు గది పద్ధతులు

తూర్పు కనుమల తెగల్లో చాలామంది స్త్రీలు పడుకుని కనరు. గుంజను పట్టుకునో, దూలానికి కట్టిన తాడును పట్టుకునో, గొంతుక్కూర్చునో, మోకాళ్ల మీద వంగో కంటారు. వెనక ఒక స్త్రీ నడుము పట్టి ఆనుకుంటుంది. ఆసుపత్రికి వెళ్లిన ఆదివాసీ స్త్రీ ఎదుర్కొనే మొదటి అవమానం ఇక్కడే. బల్లమీద వెల్లకిలా పడుకోమంటారు, కాళ్లు కట్టినంత పని చేస్తారు, అరిస్తే తిడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన ప్రసవ మార్గదర్శకాలు మాత్రం, మత్తు ఇవ్వని స్త్రీ తనకు నచ్చిన భంగిమలో, నిటారుగా ఉండి కూడా కనేలా ప్రోత్సహించాలని చెబుతున్నాయి. తోడుగా తను కోరుకున్న మనిషి ఉండాలనీ చెబుతున్నాయి. గూడెంలో ఈ రెండూ ముందునుంచే ఉన్నాయి.

మాయ పడేదాకా బొడ్డు కోయకుండా ఆగడం మరో అలవాటు. పుట్టిన వెంటనే కాకుండా కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుకు ముడి వేస్తే బిడ్డకు అదనంగా రక్తం అంది, రక్తహీనత తగ్గుతుందని వైద్యశాస్త్రం ఇప్పుడు చెబుతోంది. మాయను ఇంటి దగ్గరే గొయ్యి తీసి పాతిపెట్టడం చాలా తెగల్లో ఉంది. ఈ నేలకూ ఆ బిడ్డకూ అది తొలి బంధం. ఆసుపత్రిలో మాయ చెత్తబుట్టలోకి పోతుందన్న బాధ కొందరికి చిన్నదేమీ కాదు.

కీడు చేసేవీ ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. బొడ్డును శుభ్రం చేయని కత్తితోనో, బాణం ములికితోనో కోస్తే ధనుర్వాతం రావచ్చు. బొడ్డు మీద బూడిద, పేడ రాయడం అంతే ప్రమాదం. ముర్రుపాలు మంచివి కావని పిండి పారేసే అలవాటు ఆదివాసీల్లోనే కాదు, అనేక కులాల్లో ఉంది. బిడ్డకు తొలి రక్షణ ఆ పాలే, గంటలోపు పట్టాలి. బాలింతకు రోజులతరబడి గంజి, జావతోనే సరిపెట్టి పప్పు, కూర, గుడ్డు దూరం పెట్టే పథ్యం రక్తం తక్కువున్న ఒంటిని ఇంకా పీలుస్తుంది. తెలంగాణకు ఆనుకునే ఉన్న గడ్చిరోలిలో మాడియా గోండు స్త్రీలు నెలసరి రోజులు ఊరి చివర ‘కుర్మా ఘర్’ అనే గుడిసెలో గడపాలి. అక్కడ పాముకాట్లు, చలి, ఒంటరితనం ఉన్నాయి. వాటిని ప్రశ్నిస్తున్నది ఆ సమాజాల్లోని స్త్రీలే. ఆ ప్రశ్నకు మనం అండగా ఉండాలి.

పేరు: చనిపోయినవాళ్లు తిరిగి రావడం

బిడ్డకు పేరు పెట్టడం ఆదివాసీల్లో వంశంతో మాట్లాడటం లాంటిది. కోందుల్లో నీళ్లున్న పాత్రలో బియ్యపు గింజలు ఒక్కొక్కటే వేస్తూ, ఒక్కో గింజకు ఒక్కో పూర్వీకుడి పేరు పలికి, గింజ కదలికను బట్టి ఎవరు మళ్లీ పుట్టారో తేల్చే పద్ధతిని బ్రిటిష్ కాలపు అధికారులు నమోదు చేశారు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లోనూ ఇది ఉంది. ఒడిశా సవరల మీద 1955లో పుస్తకం రాసిన వెరియర్ ఎల్విన్, చనిపోయినవాళ్ల పేరు పసివాడికి రావడం వాళ్ల మతంలో ఎంత ముఖ్యమో చూపించాడు. లంబాడాల్లో ఆ ఏడాది పుట్టిన మగపిల్లలకు హోళీ సమయంలో తండా అంతా కలిసి ‘ధూండ్’ చేస్తుంది. బిడ్డ తల్లిదండ్రులకు మాత్రమే చెందినవాడు కాదు, ఊరికి కూడా చెందినవాడని ఇవన్నీ చెబుతాయి. ధూండ్ మగబిడ్డకే ఎందుకు అని అడగాల్సిన బాధ్యత కూడా మనదే.

ఎరుకల తండ్రి పురుడు, ప్రభుత్వం లాక్కున్న బిడ్డలు

దుమ్ముగూడెం ప్రాంతంలో పనిచేసిన కెయిన్ అనే మిషనరీ 1874లో ఎరుకల వాళ్ల ఆచారం ఒకటి రాశాడు. భార్యకు నొప్పులు మొదలుకాగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. పుట్టిన బిడ్డను కడిగి అతని పక్కన పడుకోబెడతారు. ఇంగువ, బెల్లం వంటి బాలింత మందులు అతనికే ఇస్తారు. వలస పాలకులు దీన్ని వింతగా చూసి నవ్వుకున్నారు. తల్లి మీదికి రాబోయే కీడును తండ్రి తన మీదికి తిప్పుకోవడమని కొందరు, బిడ్డ తనదని తండ్రి ఊరిముందు ఒప్పుకోవడమని మరికొందరు పరిశోధకులు అర్థం చెప్పారు.

ఆ నవ్వు వెనకే చట్టం వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించాక ఎరుకలవాళ్లను పుట్టు నేరస్థులుగా ముద్రవేశారు. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో బంధించారు. ఆ చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి ప్రత్యేక పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికిచ్చింది. కన్నతల్లి ఒడే బిడ్డకు నేరం నేర్పే చోటని అనుకున్న చట్టమది. 1952లో అది రద్దయింది. ‘వాళ్లకు పిల్లల్ని పెంచడం రాదు’ అన్న చూపు మాత్రం ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో, కార్యాలయాల్లో ఇంకా బతికే ఉంది.

తల్లి ప్రాణం ఎక్కడ పోతోంది

మాతృ మరణాలను అర్థం చేసుకోవడానికి 1994లో థడియస్, మెయిన్ అనే పరిశోధకులు మూడు ఆలస్యాల సూత్రం చెప్పారు. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. ఆచారం ప్రభావం ఉండేది ప్రధానంగా మొదటి దానిలో. మిగతా రెండూ ప్రభుత్వం చేతిలో ఉన్నవి. మొదటిది కూడా మిగతా రెండింటి మీదే ఆధారపడుతుంది. దారిలోనే కాన్పు అవుతుందని, చేరాక డాక్టరు ఉండడని తెలిసిన కుటుంబం బయల్దేరడానికి తటపటాయించడం అజ్ఞానం కాదు, అనుభవం.

నిబంధనల ప్రకారం మైదానంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒకటి ఉండాలి. ఉపకేంద్రం 3 వేల మందికి ఒకటి. కానీ కొండల్లో 3 వేల మంది అంటే పదుల గూడేలు, మధ్యలో లోయలు, వాగులు. మనుషుల లెక్కలో దూరం కనపడదు. 2005లో మొదలైన 108 అంబులెన్సు రోడ్డు ఉన్నచోటికే వస్తుంది, ఫోన్ సిగ్నల్ ఉన్నచోటి నుంచే పిలవగలం. ఆ రెండూ లేనిచోట మిగిలేది డోలీ. విశాఖ, విజయనగరం మన్యంలో బైకులకు పక్కన పడక అమర్చిన ఫీడర్ అంబులెన్సులు తెచ్చారు. సాలూరులో ఐటీడీఏ గర్భిణుల వసతి గృహం పెట్టి, నెలలు నిండేముందే కొండ దించి తిండి, వైద్యం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఇవి మంచి పనులు. అయితే వసతి గృహానికి వచ్చే తల్లి ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు, ఆ రోజుల కూలి ఎవరిస్తారు అన్న ప్రశ్నలకు కూడా ఏర్పాటు కావాలి.

రెండో శత్రువు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తం తక్కువ. మన్యంలో దీనికి మలేరియా, సికిల్ సెల్ తోడవుతాయి. ఒంట్లో రక్తం లేని తల్లికి కాన్పులో మామూలు రక్తస్రావం కూడా ప్రాణాంతకం. దీని వేరు తిండిలో ఉంది, తిండి వేరు భూమిలో ఉంది. పోడులో సామలు, చోళ్లు, కందులు, అడవిలో దుంపలు, ఆకుకూరలు, తేనె తిన్న ఇంట్లో ఇప్పుడు రేషన్ బియ్యమే ప్రధాన ఆహారం. అటవీ హక్కుల చట్టం 2006 పెళ్లయినవాళ్లకు భార్యాభర్తల ఇద్దరి పేరునా పట్టా ఇవ్వాలంటుంది. ఆ పట్టా బాలింత కంచంలో కూరకు కూడా సంబంధించిన విషయమే. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వుతో చేస్తున్న లడ్డూలు, అడవి తిండిని మళ్లీ కంచంలోకి తేవచ్చని చూపిస్తున్నాయి.

సగటు లెక్కల మాయ

2018-20 నమూనా నమోదు లెక్కల్లో లక్ష జననాలకు మాతృ మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఆసుపత్రి కాన్పులు కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. గొప్ప అంకెలే. కానీ మాతృ మరణాల అంకెను తెగలవారీగా, కులాలవారీగా ఆ లెక్కలు ఇవ్వవు. నూటికి మిగిలిన ముగ్గురు నలుగురు ఎక్కడ ఉన్నారో మనకు తెలుసు.

ఇదే సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. కింద మైదానంలో అవసరం లేని కోతలు, పైన కొండలో అవసరమైనప్పుడు అందని కోత. రెండూ ఒకే వ్యవస్థ జబ్బులు. సహజ కాన్పులను పెంచడానికి తెలంగాణ 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. నర్సింగ్ చదివినవాళ్లకే అందులో చోటు. తన భాషలో ధైర్యం చెప్పగల గూడెం పెద్దామెకు ఆ వ్యవస్థలో ఏ స్థానమూ లేదు. కనీసం కాన్పు గదిలో తోడుగా ఆమెను రానిస్తే, కువి, సవర, కోలామి, గోండి తప్ప తెలియని తల్లికి సగం భయం తీరుతుంది.

చట్టం ఇచ్చింది, షరతు లాక్కుంది

జననీ సురక్ష యోజన 2005లో వచ్చింది. మన రాష్ట్రాల్లో గ్రామీణ తల్లికి ఆసుపత్రి కాన్పుకు 700 రూపాయలు. 2013 దాకా ఇద్దరు బిడ్డలకే అనే షరతు ఉండేది, దాన్ని తీసేశారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న స్త్రీ ఇంట్లో కన్నా 500 రూపాయలకు అర్హురాలే. ఇది చాలామందికి తెలియదు. 2011 జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితం.

జాతీయ ఆహార భద్రత చట్టం 2013లోని 4వ సెక్షన్ ప్రతి గర్భిణికి, బాలింతకు 6 వేల రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం హక్కుగా ఇచ్చింది. దాన్ని అమలు చేయాల్సిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5 వేలకు, రెండోసారి ఆడపిల్ల పుడితేనే 6 వేలకు కుదించింది. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు ఇచ్చింది, అదీ రెండు కాన్పుల వరకే. పుట్టిన బిడ్డలు దక్కరన్న భయంతో మళ్లీ మళ్లీ కనే చెంచు తల్లి, కోలాం తల్లి మూడో కాన్పు దగ్గర చట్టం నుంచి జారిపోతుంది. అందరికంటే ప్రమాదం ఎక్కువ ఉన్నది అక్కడే.

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2024లో తొలగించింది. నిన్నటిదాకా ఎక్కువ కన్నారని శిక్షించిన పాలకులే ఇప్పుడు ఎక్కువ కనమంటున్నారు. ఎంతమందిని కనాలో నిర్ణయించుకునే హక్కు ఆ స్త్రీదేనని మాత్రం ఎప్పుడూ అనలేదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో కుటుంబ నియంత్రణ శిబిరాల్లో పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి శిబిరాలను మూడేళ్లలో ఎత్తివేయమంది. 2010లో లక్ష్మీ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు, తల్లి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. పిటిషన్లు రాసేవాళ్లు ఈ రెండు తీర్పులను దగ్గర పెట్టుకోవాలి.

బిడ్డ పెరగడం: జోలె, అంగన్‌వాడీ, కాగితం

గూడెంలో పసిబిడ్డ తల్లి ఒంటిని వదలదు. వీపుకో, చంకకో గుడ్డతో కట్టుకుని పోడులో పనిచేస్తుంది, చెట్టుకొమ్మకు జోలె కట్టి మధ్యమధ్య పాలిస్తుంది. తర్వాత అక్కలు ఎత్తుకుంటారు. ఈ పెంపకంలో ప్రేమకు లోటు లేదు. అయితే అక్క బడి మానడం దాని ఖరీదు. అందుకే అంగన్‌వాడీ అవసరం. గిరిజన ప్రాంతంలో 300 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, 150 నుంచి 300 ఉంటే మినీ కేంద్రం ఇవ్వాలి. అంతకంటే చిన్న గూడేల సంగతి ఎవరూ రాయలేదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి 2015 నుంచి పూట భోజనం, పాలు, గుడ్డు ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 77 గిరిజన మండలాలకు సంపూర్ణ పోషణ ప్లస్ పేరుతో ప్రత్యేక ఆహారం మొదలైంది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని కొండలో తల్లి ముఖం యంత్రానికి దొరక్కపోతే బిడ్డ కంచం ఖాళీ.

మరో ముప్పు జనన ధ్రువపత్రం. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్లకు బడిలో చేరడం మొదలు అనేక పనులకు పుట్టిన తేదీ రుజువు అదొక్కటే. ఇంట్లో పుట్టిన బిడ్డను 21 రోజుల్లో నమోదు చేయాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. డోలీ దారి ఉన్న గూడెంలో, గొత్తికోయ తల్లికి, ఆ కాగితం తేవడమంటే రెండో కాన్పు పడటమే.

గూడెం వెళ్లినప్పుడు అడగాల్సినవి

నివేదిక రాసేముందు ఈ విషయాలు నమోదు చేయండి. గూడెం నుంచి బండి వచ్చే రోడ్డు ఎంత దూరం, వానాకాలంలో ఎంతసేపు? గత ఏడాది ఎన్ని కాన్పులు, ఎన్ని ఇంట్లో, ఎన్ని దారిలో? ఎంతమంది తల్లులు, ఎంతమంది పసికందులు చనిపోయారు, ఆ మరణాల మీద విచారణ జరిగిందా? ఎన్ని కాన్పులకు ఏ సాయం అందింది, అందనివాళ్లకు చెప్పిన కారణం ఏమిటి? ఆపరేషన్ చేయించుకున్న స్త్రీ సంతకం పెట్టిన కాగితాన్ని ఆమె భాషలో చదివి వినిపించారా? బిడ్డల జనన ధ్రువపత్రాలున్నాయా? ఆమె కనిన తీరు గురించి, ఆసుపత్రిలో ఆమెతో మాట్లాడిన తీరు గురించి ఆమె మాటల్లోనే రాయండి. ‘అవగాహన లేదు’ అన్న మాట మీ నివేదికలో రాయాల్సి వస్తే, ఎవరికి లేదో కూడా రాయండి.